ఎక్కువ కాసే కోకో కావాలంటే: గింజ మొక్కలా, హైబ్రిడ్లా, అంట్లా?

కోకో మొక్కలు అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది కాయల సంఖ్యే. "ఈ రకం చెట్టుకు వంద కాయలు కాస్తుంది" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే తూకం వేసి డబ్బులిచ్చేది ఎండిన గింజలకు. కాయలు ఎన్నైనా ఉండొచ్చు, వాటిలో గింజ ఎంత ఉందన్నదే అసలు సంగతి. రకాలను పోల్చేముందు ఈ ఒక్క లెక్క తెలుసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఒక కిలో ఎండు గింజలు రావాలంటే ఎన్ని కాయలు కొట్టాలో చెప్పే అంకెను పాడ్ ఇండెక్స్ అంటారు. ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది. ఒక చెట్టు ఏడాదికి 100 కాయలు కాసిందనుకోండి, దాని పాడ్ ఇండెక్స్ 30. అంటే వచ్చేది దాదాపు 3.3 కిలోలు. పక్క చెట్టు 60 కాయలే కాసింది, కానీ పాడ్ ఇండెక్స్ 16. దాని నుంచి 3.75 కిలోలు వస్తాయి. తక్కువ కాయలు కాసిన చెట్టే ఎక్కువ గింజ ఇచ్చింది. పైగా కోయడం, మోయడం, పగలగొట్టి గింజ తీయడం అన్నీ కాయల లెక్కన సాగే పనులే కాబట్టి 40 కాయల కూలీ కూడా మిగిలింది. ఎంపికలో ముందుకొచ్చే రకాలకు ఈ అంకె సాధారణంగా 20 లోపే ఉంటుంది.

దీనికి తోడు గింజ బరువు కూడా చూడాలి. ఎండిన గింజ ఒక్కొక్కటి కనీసం ఒక గ్రాము తూగాలి, అంటే 100 గ్రాములకు 100 గింజలు మించకూడదు. గింజ చిన్నదైతే పైపొట్టు వాటా పెరిగి లోపలి పప్పు తగ్గుతుంది. అందుకే చాక్లెట్ తయారుచేసేవాళ్లు చిన్న గింజకు మొహం చిట్లిస్తారు. కాబట్టి ఎవరైనా రకం గురించి గొప్పగా చెబితే నేనడిగే ప్రశ్నలు మూడు: పాడ్ ఇండెక్స్ ఎంత, గింజ బరువెంత, ఎన్నేళ్ల సగటు? మొదటి రెండింటికి జవాబు దొరుకుతుంది. మూడోదాని దగ్గరే చాలామంది తడబడతారు.

మొక్క ఎలా తయారైంది?

రకం పేరుకన్నా ముందు తేల్చుకోవలసింది ఇది. మీ ముందు మూడు దారులుంటాయి.

మొదటిది, తోటలో బాగా కాసిన చెట్టు కాయ కోసి, అందులోని గింజలు నాటుకోవడం. ఖర్చు లేదు, అందుకే అందరికీ ముందు తోచేది ఇదే. చిక్కేమిటంటే ఆ గింజకు తల్లి ఎవరో తెలుసు గానీ తండ్రి ఎవరో తెలియదు. కోకో పువ్వును ఫలదీకరించేది కంటికి సరిగా కనిపించనంత చిన్న ఈగల్లాంటి పురుగులు. అవి ఏ చెట్టు పుప్పొడి తెచ్చాయో చెప్పలేం. తల్లి చెట్టు హైబ్రిడ్ అయితే పరిస్థితి ఇంకా అన్యాయం. దాని పిల్లల్లో గుణాలన్నీ చెదిరిపోయి, పది మొక్కలు పది రకాలుగా వస్తాయి.

ఈ పద్ధతి ఒకప్పుడు అద్భుతంగా పనిచేసిన సందర్భం లేకపోలేదు. పశ్చిమ ఆఫ్రికాలో కోకో సాగు వ్యాపించింది ఇలాగే. 1822లో బ్రెజిల్ నుంచి ప్రిన్సిపే దీవికి కోకో చేరింది. అక్కడి నుంచి చుట్టుపక్కల దీవులకు పాకింది. 1879లో టెట్టె క్వార్షీ అనే ఆయన ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి ఇప్పటి ఘనాలో నాటాడు. కొద్దిపాటి గింజల నుంచి అంత పెద్ద పంట ఒకే తీరుగా ఎలా వచ్చిందంటే, అది అమెలొనాడో అనే రకం కావడం వల్ల. దాని పువ్వు సొంత పుప్పొడితోనే కాయగా మారుతుంది, తరతరాలుగా అలాగే సాగి లోపలి గుణాలు స్థిరపడిపోయాయి. కాబట్టి పిల్ల తల్లినే పోలి ఉంటుంది. ఇప్పుడు మన ముందున్న కలగలుపు రకాలకు ఆ సౌకర్యం లేదు. పైగా అమెలొనాడో కాపుకు రావడం ఆలస్యం, రెమ్మలు ఉబ్బించే స్వోలెన్ షూట్ వైరస్‌కు తేలిగ్గా లొంగుతుంది. గింజ నాటే రోజులు పోయాయనే నా అభిప్రాయం, ఒక్క అవసరానికి తప్ప: అంటు కట్టడానికి కింది మొక్కగా పెంచుకోవడం.

రెండో దారి హైబ్రిడ్ నారు. ఎంచిన రెండు క్లోన్లను (ఒక్క చెట్టు కొమ్మల నుంచి పెంచిన, అచ్చం దానిలాంటి మొక్కలను) విత్తన తోటలో పక్కపక్కన పెంచి, ఒకదాని పుప్పొడి మరోదానికి అందించి, ఆ కాయల్లోని గింజలతో నారు పోస్తారు. అమెజాన్ ఎగువ ప్రాంతపు చెట్లను అమెలొనాడోతోనో, ట్రినిడాడ్‌లో పుట్టిన ట్రినిటారియో అనే సంకర రకంతోనో కలిపితే పిల్లల్లో సంకర బలం బాగా వస్తుందని ట్రినిడాడ్, ఘనా పరిశోధకులకు గత శతాబ్దం మధ్యలోనే తెలిసింది. అలాంటి నారు రెండు మూడేళ్లలో కాపుకు వస్తుంది. తల్లివేరు బలంగా దిగుతుంది, మొక్క నిటారుగా పెరిగి మనిషి నడుమెత్తు దాటాక గొడుగులా కొమ్మలేస్తుంది. అంటు కట్టే చేయి తిరిగినవాళ్లు దొరకని చోట, కత్తిరింపులకు మనుషులు లేని చోట ఇదే మేలు.

కొనేముందు పరాగసంపర్కం చేతితో చేస్తారా, పురుగులకే వదిలేస్తారా అని అడగండి. చేతితో చేస్తే తండ్రి ఎవరో కచ్చితంగా తెలుస్తుంది. కోకో గింజను ఎండబెట్టి దాచడం కుదరదన్న విషయం కూడా మరవొద్దు. ఎండితే చచ్చిపోతుంది. కాయ నుంచి తీసిన కొద్ది రోజుల్లోనే నేలలో పడాలి. ఎవరైనా ఎండిన విత్తనం పొట్లం కట్టి ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి.

హైబ్రిడ్ల బలహీనత మొదటి ఏళ్లలో కనిపించదు. ఒకే తల్లిదండ్రుల పిల్లలైనా అన్నదమ్ములందరూ ఒకేలా ఉండరు కదా, ఇక్కడా అంతే. తోట ముదిరాక చెట్టు చెట్టుకూ కాయలు లెక్కిస్తే, దిగుబడిలో పెద్ద వాటా కొన్ని చెట్ల నుంచే వస్తోందని తేలుతుంది. మిగతావి నీడ, నీరు, ఎరువు తీసుకుంటూ ఊరకే నిలబడి ఉంటాయి. హెక్టారుకు మూడు మీటర్ల ఎడంతో 1,111 చెట్లు పడతాయి. అందులో మూడోవంతు సోమరిపోతులైనా నష్టం ఎంతో ఊహించుకోవచ్చు.

ఆ సోమరితనాన్ని తీసేసేదే మూడో దారి, అంటే క్లోన్ అంట్లు. మెరుగైన ఒక్క చెట్టు కొమ్మను గింజ మొక్క మీద అంటు కడితే, కాపు గుణంలో ప్రతి మొక్కా ఆ చెట్టే. దిగుబడి మీదే దృష్టి ఉన్నవాళ్లకు నేనిచ్చే సలహా ఇదే, కొన్ని షరతులతో. కొమ్మ ముక్కను నేరుగా వేళ్లు పట్టించి పెంచిన మొక్కకు తల్లివేరు ఉండదు. గాలికి ఒరుగుతుంది, ఎండాకాలం ఆగలేదు. గింజ మొక్క మీద కట్టిన అంటుకు ఆ బాధ లేదు. కానీ పక్క కొమ్మ నుంచి తీసిన అంటు నిటారుగా లేవదు, పొదలా అడ్డంగా పాకుతుంది. మొదటి రెండేళ్లు ఓపిగ్గా కత్తిరించి ఆకారం తేవాలి. ఆ పని చేయలేనివాళ్లు అంట్లు పెట్టుకుని తర్వాత రకాన్ని తిట్టడం చాలా మామూలు.

లేబుల్ విషయంలో కూడా ఒక మాట. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక చూస్తే, పరిశోధనా సంస్థల జన్యు నిధుల్లోనే చాలా చెట్లకు తప్పుడు పేర్లున్నాయని బయటపడింది. అక్కడే అలా ఉంటే మామూలు నర్సరీలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వీలైతే కొమ్మ ఏ చెట్టు నుంచి కోశారో ఆ తల్లి చెట్టును కాయలతో ఉన్నప్పుడు స్వయంగా చూడండి.

ఒక్క క్లోన్ తోట ఎందుకు కాయదు?

అంట్ల విషయంలో అందరూ ఎదురుదెబ్బ తినేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చాలా కోకో చెట్లకు సొంత పుప్పొడి పనికిరాదు. పువ్వు మీద పుప్పొడి పడుతుంది, మొలుస్తుంది, అండం దాకా వెళ్తుంది కూడా. కానీ అక్కడ కలయిక జరగదు, కొద్ది రోజుల్లో పువ్వు రాలిపోతుంది. అన్నీ ఒకే క్లోన్ అంట్లైతే తోట మొత్తం జన్యుపరంగా ఒక్క చెట్టే. పక్క చెట్టు పుప్పొడి అన్నా సొంత పుప్పొడే. పూలు విరగబూస్తాయి, కాయ మాత్రం పట్టదు. ఎరువులు మార్చి, మందులు కొట్టి ఏళ్లు గడిపేస్తారు.

ఇందులో కొన్ని క్లోన్లు స్వయంగా కాస్తాయి, కొన్నింటికి తోడు కావాలి. సీసీఎన్-51, ఐసీఎస్-95 అనే క్లోన్లు సొంత పుప్పొడితోనే కాస్తాయి. టీఎస్‌హెచ్-565, ఐఎంసీ-67 అలా కాయవు, కానీ ఐఎంసీ-67 పుప్పొడి వేరే చాలా క్లోన్లకు బాగా పనికొస్తుంది. రెండు వేర్వేరు క్లోన్లైనా ఒకదానికొకటి పొసగని జంటలుంటాయి. అందుకని అంట్లు కొనేటప్పుడు ఏది దేనితో కలుస్తుందో చెప్పే పట్టిక అడగండి. పట్టిక లేదంటే స్వయంగా కాసే క్లోన్‌ను వరుసల్లో కలిపి నాటడం క్షేమం.

అనుమానం ఉన్న చెట్టును మీరే పరీక్షించవచ్చు. కోకో పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ముందు రోజు సాయంత్రం విచ్చబోయే మొగ్గ మీద పురుగులు దూరకుండా చిన్న గొట్టం బోర్లించాలి. మర్నాడు ఉదయం అదే చెట్టు పువ్వు నుంచి పుప్పొడి తీసి కీలాగ్రానికి రాసి మళ్లీ మూసేయాలి. ఒక పాతిక ముప్పై పూలకు చేయండి. అయిదారు రోజుల్లో దాదాపు అన్నీ రాలిపోతే ఆ చెట్టుకు తోడు కావాలన్నమాట. నిలిచినవి రెండు వారాల తర్వాత కూడా పిందెలుగా ఉంటే స్వయంగా కాస్తుందని అర్థం. పువ్వుల్లో నూటికి అయిదు కాయలైతేనే గొప్ప అనుకునే పంట ఇది, కాబట్టి నాలుగు పూలు చూసి తీర్పు చెప్పొద్దు.

సీసీఎన్-51 మీద మోజు, దాని వెల

ఎక్కువ దిగుబడి అనగానే ప్రపంచమంతా తలిచే పేరు ఇది. ఈక్వెడార్‌లోని నరాంహాల్ ప్రాంతంలో ఒమెరో కాస్ట్రో సురీటా అనే వ్యవసాయ శాస్త్రవేత్త పదేళ్లకు పైగా చెట్లను కలిపి, ఏరి, 1965లో తేల్చిన రకం. ఆయన సేకరణలో 51వ నంబరు చెట్టు కాబట్టి ఆ పేరు. ఐఎంసీ-67, ఐసీఎస్-95ల సంకరాన్ని అమెజాన్ వైపు నుంచి తెచ్చిన మరో చెట్టుతో కలిపితే వచ్చింది. ఎర్రటి పెద్ద కాయ, బరువైన గింజ, గింజలో ఎక్కువ వెన్న (కొవ్వు), త్వరగా కాపు. నీడ లేకపోయినా కాస్తుంది. విచెస్ బ్రూమ్ అనే తెగులును బాగా తట్టుకుంటుంది. బాగా చూసుకున్న తోటల్లో హెక్టారుకు రెండు టన్నులు రావడం వింత కాదు. ప్రపంచ సగటు అర టన్ను దగ్గర ఆడుతుంటుంది కాబట్టి ఆ తేడాకు ఎవరికైనా కళ్లు తిరుగుతాయి.

వెల ఎక్కడ చెల్లించాలంటే, రుచిలో. అదే ఈక్వెడార్‌లో పుట్టిన నాసియోనల్ కోకోకు పూల వాసన ఉంటుంది. సీసీఎన్-51కు పులుపు, వగరు ఎక్కువ. దీని గింజ చుట్టూ గుజ్జు ఎక్కువగా ఉండటం వల్ల నాసియోనల్‌ను పులియబెట్టినట్టే దీన్నీ పులియబెడితే పులుపు గింజలోకి ఎక్కిపోతుంది. ముందు గుజ్జు నీరు కొంత కారనిచ్చి, తర్వాత పులియబెట్టి, మధ్యలో తిరగేస్తుంటే చాలా మెరుగుపడుతుంది. ఈ రకానికి చెడ్డపేరు వచ్చిందంటే అందులో సగం తప్పు పులియబెట్టే చేతిదే అంటాను.

కాబట్టి మీ గింజలు కొనేవాళ్లు రుచి చూడకుండా బరువుకే డబ్బిస్తే సీసీఎన్-51 లాంటి రకం సరైనదే. రుచికి అదనంగా చెల్లించే కొనుగోలుదారు ఇప్పటికే చేతిలో ఉంటే తక్కువ దిగుబడినిచ్చే నాసియోనల్, రుచికి పేరుపడ్డ పాత రకమైన క్రియోల్లో సంతతి గురించి ఆలోచించండి. "మంచి రుచి పండిస్తే ఎవరో ఒకరు కొనకపోతారా" అన్న ఆశతో మాత్రం వద్దు. దిగుబడిలో కోల్పోయినదానికి సరిపడా ధర రాకపోతే రుచి మీకు ఏమీ మిగల్చదు.

రెండూ కావాలంటే మధ్యస్థంగా కొన్నున్నాయి. ట్రినిడాడ్‌లో 1930లలో ఏరిన ఐసీఎస్ చెట్లు, వాటి తర్వాతి టీఎస్‌హెచ్ సంకరాలు ట్రినిటారియో రుచిని చాలావరకు నిలుపుకున్నాయి. కోస్టారికాలోని కటియే అనే వ్యవసాయ పరిశోధన సంస్థ ఫ్రాస్టీ పాడ్ తెగులును తట్టుకునేలా తయారుచేసిన ఆర్-4, ఆర్-6 క్లోన్లకు 2009లో పారిస్‌లో జరిగిన కోకో నాణ్యత పోటీలో గుర్తింపు కూడా వచ్చింది. తెగులును తట్టుకుంటూ, బాగా కాస్తూ, రుచీ ఉండటం అసాధ్యమేమీ కాదని అవి చూపించాయి.

తెగులు ఏది? అది మీ దగ్గర ఉందా?

రకం పక్కన "తెగుళ్లను తట్టుకుంటుంది" అని రాసి ఉంటే, ఏ తెగులును అని అడగాలి. కోకో తెగుళ్లు ఖండాన్ని బట్టి మారతాయి. కొమ్మలు చీపురులా గుబురెక్కే విచెస్ బ్రూమ్, కాయ మీద తెల్లటి బూజు పట్టే ఫ్రాస్టీ పాడ్ అమెరికా ఖండాలవి. స్వోలెన్ షూట్ వైరస్, నల్లకాయ కుళ్లును ఉగ్రరూపంలో తెచ్చే ఫైటాఫ్తొరా మెగాకార్యా అనే సూక్ష్మజీవి పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో ఉన్నాయి. కొమ్మ ఎండిపోయే వాస్క్యులర్ స్ట్రీక్ డైబ్యాక్, కాయ తొలిచే పురుగు ఆగ్నేయాసియా బాధలు. ఫైటాఫ్తొరా పాల్మివోరా వల్ల వచ్చే మామూలు కాయకుళ్లు మాత్రం కోకో ఉన్న చోటల్లా ఉంది. అమెరికా తెగులును తట్టుకునే శక్తి ఆ తెగులు లేని చోట మీ కాయను కాపాడదు. మీ తోటలో ఏటా కాయలు దేనివల్ల పోతున్నాయో లెక్క రాసుకుని, దానికి తగిన రకం వెతకండి.

తట్టుకునే శక్తి శాశ్వతం కూడా కాదు. కోకో పరిశోధకుడు ఎఫ్.జె. పౌండ్ 1930ల చివర్లో అమెజాన్ ఎగువకు వెళ్లి, విచెస్ బ్రూమ్ అంటని చెట్లను వెతికి తెచ్చాడు. అందులో స్కావీనా-6 అన్నిటికన్నా పేరుపొందింది. కాయ చిన్నది, గింజ చిన్నది, అయినా దాని నిరోధం కోసం దశాబ్దాల పాటు సంకరాల్లో వాడారు. 1989లో ఆ తెగులు బ్రెజిల్‌లోని బహియాలో అడుగుపెట్టి అక్కడి పంటను కుప్పకూల్చింది. అప్పుడు అక్కడ నాటిన స్కావీనా సంతతి మొక్కలు మొదట బాగానే నిలబడ్డాయి, తర్వాత తర్వాత వాటికీ తెగులు ఎక్కువైంది. ఒకే మూలం నుంచి వచ్చిన నిరోధం మీద తోటంతా ఆధారపడితే ఇదే జరుగుతుంది. అందుకే తోటకు నాలుగు నుంచి ఆరు క్లోన్లు, అవీ ఒకే కుటుంబం కానివి, నేను కనీసంగా చూస్తాను. పరాగసంపర్కానికీ అదే అక్కరకొస్తుంది.

పేరు విని ముచ్చటపడి వేరే దేశం నుంచి కొమ్మలు సంచిలో వేసుకొచ్చే సాహసం మాత్రం చేయకండి. పైకి ఆరోగ్యంగా కనిపించే కొమ్మలోనూ వైరస్ దాగుంటుంది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్న అంతర్జాతీయ కోకో క్వారంటైన్ కేంద్రం మొక్కల్ని ఏళ్ల తరబడి కనిపెట్టి చూసి గానీ బయటికి పంపదు. ఊరికే కాదు.

కొత్త రకం మీరే తయారుచేయాలనుకుంటే

ఇక్కడ కూడా దారులు రెండు మూడున్నాయి గానీ వాటి మధ్య కాలం తేడా చాలా ఎక్కువ. రెండు చెట్లను కలిపి, పిల్లల్ని పెంచి, కాపు చూసి, ఏరినవాటిని వేర్వేరు చోట్ల మళ్లీ పరీక్షించి రకంగా విడుదల చేయాలంటే పదిహేనేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. గుణాల ఆనవాలు చూపే డీఎన్ఏ మార్కర్లు కొంత కాలం కలిసొచ్చేలా చేస్తాయి. కోకో జన్యుపటాలు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి: మొదట క్రియోల్లోది, 2013లో అమెలొనాడో సంతతికి చెందిన మటీనా 1-6ది ప్రచురించారు. వీటితో తెగులు నిరోధం, సొంత పుప్పొడి పనికొస్తుందా లేదా వంటివి నారుమడిలోనే పసిగట్టే పద్ధతులు వచ్చాయి. దిగుబడి అలా తేలదు. చాలా జన్యువులు, నేల, నీడ, వాన అన్నీ కలిసి తేల్చే గుణమది. ప్రయోగశాల, పెద్ద పొలం, ఓపిగ్గా డబ్బు పెట్టే సంస్థ ఉంటేనే ఈ దారి.

ఒక తోట ఉన్న మనిషికి నేను చెప్పేది పాతదే అయినా గట్టిది: ఉన్న చెట్లలోంచి మేలైనదాన్ని ఏరి క్లోన్ చేయడం. ఐసీఎస్ చెట్లన్నీ ట్రినిడాడ్ తోటల్లో అలా ఏరినవే. ఇండోనేసియాలోని సులవేసిలో పేరుపొందిన క్లోన్లలో కొన్ని రైతుల పొలాల్లోనే దొరికాయి.

ఏరడంలో రెండు మోసాలు పొంచి ఉంటాయి. ఒకటి చెట్టు కూర్చున్న చోటు. కాలువ పక్కన, చివరి వరుసలో, ఎండ బాగా తగిలే చోట ఉన్న చెట్టు సహజంగానే బాగా కాస్తుంది. కొమ్మ తీసుకెళ్లి మామూలు చోట కడితే మామూలుగానే ఉంటుంది. అందుకే ఏ చెట్టునైనా తోట సగటుతో కాకుండా దాని చుట్టూ ఉన్న నాలుగైదు చెట్లతో పోల్చాలి. రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఏపుగా పెరిగే చెట్టు పక్కవాటి వెలుతురు లాక్కుని బాగా కాస్తుంది. దాని అంట్లతోనే తోట నింపితే లాక్కోవడానికి పక్కన బలహీనులు ఉండరు, అందరూ ఒకరినొకరు తొక్కుకుంటారు. కాండం లావును కొలిచి, దానికి తగ్గట్టు ఎంత గింజ ఇస్తోందో చూస్తే ఈ మోసం బయటపడుతుంది. చిన్న మొదలు, ఎక్కువ గింజ ఉన్న చెట్టును దగ్గర దగ్గరగా నాటుకోవచ్చు కూడా.

లెక్క రాయడం మూడేళ్లకు తగ్గకూడదు. కోకో ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది అలిసిపోవడం మామూలే. ప్రతి కోతలో మంచి కాయలు, కుళ్లినవి విడివిడిగా లెక్కించండి. ఓ ఇరవై కాయల గింజలు పులియబెట్టి ఎండబెట్టి తూచి పాడ్ ఇండెక్స్ కట్టండి. మూడేళ్ల తర్వాత కూడా ముందున్న చెట్ల నుంచే కొమ్మలు తీయండి.

అలా ఏరిన క్లోన్ కోసం పాత తోట నరికేయనక్కర్లేదు. కాయని చెట్ల మొదలు దగ్గర బెరడు చీల్చి పక్క అంటు కడితే, పాత కొమ్మలు కొంత కాస్తూనే ఉంటాయి, కింద కొత్త అంటు ఎదుగుతుంది. చెట్టు మొదలులో నేల దగ్గర పిలక ఉంటే దాని మీద కట్టడం ఇంకా మంచిది, ఆ పిలకకు తర్వాత సొంత వేళ్లు కూడా వస్తాయి. అంటు పట్టి కాపు మొదలయ్యాక పాత మానును కోసేయొచ్చు. కోసేటప్పుడు అంటుకు ఎదురు వైపు నుంచి ఏటవాలుగా కోసి, నీరు నిలవకుండా చూసుకోవాలి.